10 శాతం యూరియా క్రీమ్: రెండు నెలలు కాళ్లకు రాశాక నా మాట

గోటితో కాలి మీద గీత గీస్తే సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా నిలిచిపోయేది. రెండు నెలల కిందట నా కాళ్ల పరిస్థితి అది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా, ముఖ్యంగా ఎముక తగిలే ముందు వైపు, చర్మం ఎండిన చెరువు బీటలు తీసినట్టు సన్న సన్న గళ్లుగా విడిపోయింది. సాయంత్రం ప్యాంటు విప్పి దులిపితే లోపలి నుంచి పొట్టు రాలేది. అదంతా చూడ్డానికి బాగోదు, సరే, సర్దుకోవచ్చు. భరించలేనిది రాత్రి దురద. నిద్రలోనే గీరేసుకుని పొద్దున లేచేసరికి దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు మరకలు కనిపించేవి. ఒంటికి ఏదో ఒకటి రాసుకుంటూనే ఉన్నా ఎందుకిలా అవుతోందో అర్థం కాక, ఈసారి కాస్త చదివి, తెలుసుకుని, ఒకటి కొని, పద్ధతిగా వాడి చూశాను. ఆ సంగతులే ఇవి.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. 10 శాతం యూరియా ఉన్న, సువాసన కలపని బాడీ క్రీమ్ నా కాళ్లకి, మోచేతులకి చాలా బాగా పనిచేసింది. మడమలకి సగమే పనిచేసింది. అమ్మ పగిలిన చేతులకి పనిచేయలేదు సరికదా మంట పెట్టింది. ఐదుకి నాలుగు ఇస్తాను. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి, మీకు దొరికేది నాకు దొరికింది కాకపోవచ్చు. చూడాల్సింది డబ్బా మీద ఆ 10 అనే అంకె ఉందా, వెనక పదార్థాల జాబితాలో పర్‌ఫ్యూమ్ అనే మాట లేదా అన్నది.

క్రీమ్ తెల్లగా, వేలితో తీస్తే జారిపోకుండా వేలికే నిలబడేంత గట్టిగా ఉంటుంది. వాసన దాదాపు లేదు, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే కాస్త మందు వాసన లాంటిది వస్తుంది. రాయగానే తెల్లటి చార కనిపిస్తుంది కానీ నాలుగైదు సార్లు చేత్తో కిందికి నిమిరితే కలిసిపోతుంది. పది నిమిషాల దాకా కొద్దిగా జిడ్డుగా అనిపిస్తుంది, తర్వాత ప్యాంటు వేసుకున్నా అంటుకోదు. ఇంత గట్టి క్రీమ్ ఇంత త్వరగా ఇంకుతుందని నేను అనుకోలేదు.

మొదటి రోజు మాత్రం పెద్ద పొరపాటు చేశాను. రాత్రి గీరుకున్న గాట్లు ఇంకా ఎర్రగా ఉండగానే రాసేశాను. భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే చల్లటి నీళ్లతో కడిగేసుకున్నాను. తెగిన చర్మం మీద యూరియా మండుతుందని డబ్బా వెనకే రాసి ఉంది, నేనే చదవలేదు. నాలుగు రోజులు దాన్ని పక్కన పెట్టి ఆ గాట్ల మీద ఉత్త పెట్రోలియం జెల్లీ మాత్రమే రాశాను, అవి మానాకే మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి కాస్త చురుక్కుమంది, రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. మూడో రోజు నుంచి అదీ లేదు. కాళ్లకి షేవింగ్ చేసేవాళ్లు కూడా అదే రోజు రాయకండి, కంటికి కనపడని గాట్లుంటాయి, అవి మండుతాయి.

నిజంగా క్రీమ్ వల్లే తగ్గుతోందా, లేక వాతావరణం మారి తగ్గుతోందా తెలుసుకోవాలని మొదటి పది రోజులు కుడి కాలికి ఈ క్రీమ్, ఎడమ కాలికి ఇంట్లో అంతకుముందు నుంచి ఉన్న లోషన్ రాశాను. రెండింటికీ ఒకే వేళకి, ఒకే కొలత. మూడో రోజుకి కుడి కాలి మీద పొట్టు పోయింది. వారం దాటేసరికి రాత్రి దురద ఎడమ కాలికే వచ్చేది, నిద్రలో చెయ్యి అటే పోయేది. గోటి గీత తెల్లగా పడటం మాత్రం అంత తొందరగా పోలేదు, మూడో వారం దాకా పట్టింది. చర్మం పై పొర పూర్తిగా రాలి కొత్తది రావడానికి రెండు వారాలకి పైనే పడుతుంది కాబట్టి అంతకంటే ముందే అద్భుతం జరగాలని చూడటం న్యాయం కాదు. నాలుగు రోజులు రాసి తేడా లేదని పక్కన పడేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, అంతకుముందు నేనూ అదే చేశాను, అలా సగం వాడిన సీసాలు నాలుగు ఉన్నాయి ఇంట్లో.

యూరియా అనగానే చాలామందికి ఎరువు బస్తా గుర్తొస్తుంది, ఇంకొంతమందికి మూత్రం గుర్తొస్తుంది. మా ఇంట్లోనూ అదే అడిగారు, అది ఒంటికి ఎలా రాస్తావని. క్రీముల్లో వాడేది శుద్ధంగా తయారుచేసినదే, జీవుల నుంచి తీసింది కాదు. 1828లోనే ఫ్రెడ్రిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. అసలు విషయం ఏమిటంటే అది మన చర్మంలో ముందు నుంచే ఉంటుంది. చర్మం పై పొరలో తేమను పట్టి ఉంచడానికి ఒంట్లోనే తయారయ్యే పదార్థాల మిశ్రమం ఒకటి ఉంటుంది, అమైనో ఆమ్లాలు, లాక్టేట్ లాంటివాటితో పాటు యూరియా కూడా అందులో సుమారు 7 శాతం. పొడి చర్మంలో ఈ సరుకు తగ్గిపోతుంది. అంటే బయటి నుంచి రాసేది కొత్త వస్తువేమీ కాదు, తగ్గినదాన్ని తిరిగి ఇస్తున్నాం.

ఇంకో పని కూడా చేస్తుంది, అదే నాకు ఎక్కువ నచ్చింది. ఎండిపోయిన చనిపోయిన కణాలు ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని రాలకుండా మందంగా పేరుకుపోతాయి కదా, యూరియా ఆ పట్టు సడలిస్తుంది. తక్కువ శాతంలో తేమ పట్టే పని ఎక్కువ చేస్తుంది, శాతం పెరిగేకొద్దీ మందమైన చర్మాన్ని మెత్తబరిచి ఊడదీసే పని ఎక్కువవుతుంది. అందుకే అంకె ముఖ్యం అంటున్నాను. 5 శాతం అంటే మామూలు పొడికి, ఒళ్లంతా రాసుకోవడానికి. 10 అంటే నా కాళ్లలా పొట్టు లేచేదాకా వచ్చినవాళ్లకి. 20 దాటి 40 దాకా ఉండేవి మడమలకి, ఆనెకాయలకి, బాగా మందమెక్కిన చోటికి, అవి ఒళ్లంతా పూసుకునేవి కావు. ‘యూరియాతో’ అని ముందు పెద్దక్షరాల్లో రాసి ఎంత శాతమో ఎక్కడా చెప్పని సీసాలుంటాయి, నేనైతే అలాంటివి కొనను.

ఇక అంతకుముందు వాడిన లోషన్ సంగతి. దాని మీద నాకు కోపం ఉంది, పేరు మాత్రం చెప్పను. పువ్వుల బొమ్మ, 24 గంటల తేమ అని రాత, మూత తీస్తే గది నిండా వాసన. రాసుకున్న గంటకే కాళ్లు మళ్లీ బిగుసుకుపోయేవి. వెనక చదివితే కారణం తెలిసింది. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు, 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర ఏ వరసలోనైనా రాయొచ్చు. నా లోషన్‌లో మొదటిది నీళ్లు, అందులో తప్పేమీ లేదు, చాలావాటిలో అదే ఉంటుంది. కానీ పర్‌ఫ్యూమ్ కన్నా కిందికి వెళ్తే కానీ తేమ పట్టే గ్లిజరిన్ కనపడలేదు. ముందు బొమ్మ వేసిన పండు రసం ఇంకా కింద ఎక్కడో ఉంది. అంటే ఇన్నాళ్లూ నేను వాసన పట్టించిన పల్చటి నీళ్లు రాసుకుంటున్నానన్నమాట.

వాసనతో ఇంకో చిక్కుంది. పగుళ్లు ఉన్న చర్మం లోపలికి ఏదైనా తేలిగ్గా దిగుతుంది, సువాసన ద్రవ్యాలు అలర్జీ తెప్పించేవాటిలో ముందు వరసలో ఉంటాయి. ఇక్కడ మాటల్లో ఒక మెలిక ఉంది, తెలుసుకోవాలి. ‘అన్‌సెంటెడ్’ అని రాసి ఉంటే వాసన తెలియడం లేదని మాత్రమే అర్థం, మిగతా పదార్థాల వాసన కప్పేయడానికి మళ్లీ ఏదో ఒక సువాసన కలిపి ఉండొచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అన్నదే మనకు కావలసింది. పాడవకుండా కలిపే వాటిలో మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నోరు తిరగని పేరు కనపడితే కూడా నేను కొనకుండా వెనక్కి పెట్టేస్తాను. దాని వల్ల అలర్జీ కేసులు బాగా పెరగడంతో 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెప్పించే పదార్థంగా ప్రకటించింది, కడిగేయకుండా ఒంటి మీద వదిలేసే క్రీముల్లో అది వాడకూడదని యూరప్‌లో నిషేధం కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు మాట ఒకటి చెప్పాలి, క్రీమ్ రివ్యూలో ఇది చెప్తే క్రీమ్ గొప్పతనం తగ్గుతుందేమో కానీ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. నా కాళ్లు బాగుపడటంలో సబ్బు మార్చడానికి పెద్ద వాటా ఉంది. చర్మం పై పొరని ఇటుకల గోడలా ఊహించుకోండి. చనిపోయిన చదునైన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. ఆ కొవ్వులో బరువు లెక్కన సగం దాకా సిరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, మిగతాది కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. గోడ గట్టిగా ఉన్నంతసేపు లోపలి నీరు బయటికి ఆవిరైపోదు. మనం రోజూ చేసేదేమిటంటే వేడి వేడి నీళ్లు పోసుకుని, నురగ వచ్చేలా సబ్బుతో రుద్ది ఆ సున్నాన్ని కొంచెం కొంచెం కడిగేయడం. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్, చర్మం పైభాగంలో అది సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది, అంటే కాస్త ఆమ్లం. మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. స్నానం తర్వాత ఒళ్లు బిరబిర బిగుసుకుపోతే శుభ్రమైనట్టు అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. అది శుభ్రం కాదు, గోడ పాడవుతోందని చర్మం చెప్తున్న మాట.

సబ్బు స్థానంలో సిండెట్ బార్ తెచ్చుకున్నాను, అంటే చూడటానికి సబ్బులాగే ఉంటుంది కానీ మామూలు సబ్బు పద్ధతిలో చేసింది కాదు, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. నురగ తక్కువ. మొదటి నాలుగు రోజులు ఒళ్లు శుభ్రం కానట్టు అనిపించింది, తర్వాత అలవాటైపోయింది. అది కూడా చంకల్లో, గజ్జల్లో, పాదాలకి మాత్రమే. కాళ్లకి, చేతులకి మట్టి అంటితే తప్ప ఉత్త నీళ్లు చాలు. పీచుతో రుద్దడం పూర్తిగా మానేశాను. నీళ్లు గోరువెచ్చగా, స్నానం పది నిమిషాల లోపు. ఇందులో ఏదీ సుఖంగా లేదు, ముఖ్యంగా చలిలో వేడి నీళ్లు వదులుకోవడం. దురదగా ఉన్నప్పుడు వేడి నీళ్లు పడితే ఎంత హాయిగా ఉంటుందో తెలుసు. ఆ హాయికి ఆ రాత్రే మళ్లీ దురదతో బాకీ తీర్చుకోవాల్సి వచ్చేది. మీ చేతిలో ఒక్క మార్పే ఉంటే క్రీమ్ కన్నా ముందు ఇది చేయండి.

ఇక రాసే వేళ. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే మూడు నిమిషాల లోపు రాసుకోవాలి అని చర్మ డాక్టర్లు చెప్పే మాట ఉంది. నేను దాన్ని మొదట పెద్దగా పట్టించుకోలేదు. బట్టలు వేసుకుని, పనులన్నీ చూసుకుని, గుర్తొచ్చినప్పుడు పొడి కాళ్లకి రాసేవాణ్ని. ఇప్పుడు డబ్బా స్నానాల గదిలోనే ఉంటుంది, తువ్వాలు కొక్కేనికి తగిలించేలోపు కాళ్లకి క్రీమ్ పడిపోతుంది. తేడా చాలా ఉంది. తడి మీద రాస్తే తక్కువ క్రీమ్ ఎక్కువ దూరం పాకుతుంది కూడా. రాసేటప్పుడు పైనుంచి కిందికి, వెంట్రుకలు పెరిగే దిక్కుకే నిమరాలి, ఎదురు రుద్దితే వెంట్రుక కుదుళ్లలో క్రీమ్ అడ్డుపడి చిన్న చిన్న కురుపులు వస్తాయి. నాకు తొడల మీద నాలుగు వచ్చాకే ఈ సంగతి తెలిసింది.

ఎంత రాయాలి అన్నదాంట్లో కూడా చాలామంది పొదుపు చేస్తారు. చర్మ మందులకి ఒక కొలత ఉంది, పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబ్ నుంచి పిండితే సుమారు అర గ్రాము. పాదంతో కలిపి ఒక కాలికి అలాంటివి ఎనిమిది కావాలి, అంటే 4 గ్రాములు. రెండు కాళ్లకి 8, పూటకి ఒకసారి చొప్పున రోజుకి రెండుసార్లు అంటే 16 గ్రాములు. నెలకి 480. నా 500 గ్రాముల డబ్బా సరిగ్గా నెలకి నాలుగు రోజుల ముందే అయిపోయింది, ఎందుకంటే మోచేతులకి కూడా వాడాను. ఇది మందు రాసే కొలత, తేమ క్రీములకి ఇంకా ధారాళంగానే రాయమంటారు. పిల్లల ఎగ్జిమాకి వారానికి 250 నుంచి 500 గ్రాముల దాకా ఇవ్వమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల్లో ఉందంటే చూడండి. కాబట్టి 50 గ్రాముల అందమైన ట్యూబ్ కొని ఆరు నెలలు వచ్చిందని సంతోషిస్తే అది చర్మానికి చేరలేదనే లెక్క. పెద్ద డబ్బాలో దొరికే సాదా క్రీమ్ ఎంచుకోండి, చెయ్యి వెనకాడకుండా రాసుకోగలుగుతారు.

డబ్బాతో ఒక ఇబ్బంది, ఒక మార్కు తగ్గించడానికి అది కూడా కారణం. వెడల్పు మూత, రోజూ తడి చేతులు లోపల పెడతాం, క్రిములు చేరతాయి. నేను ఒక చిన్న స్టీలు గరిటె పెట్టుకున్నాను, కడిగి ఆరబెట్టి దాంతోనే తీస్తాను. పంపు సీసాలో వచ్చేది దొరికితే అదే మేలు. డబ్బా మీద తెరిచిన సీసా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి, మూత తీశాక అన్ని నెలల్లో వాడేయాలని దాని అర్థం.

మడమల దగ్గర ఈ క్రీమ్ ఒక్కటే చాలలేదు. అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథులే ఉండవు, అక్కడ చర్మం మందం కూడా ఎక్కువ. అందుకే అక్కడ పెట్రోలియం జెల్లీ తోడు తెచ్చుకున్నాను. రాత్రి పాదాలు పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, తుడిచి, ముందు యూరియా క్రీమ్, దాని మీద పల్చగా జెల్లీ, ఆపైన నూలు సాక్సులు. యూరియా, గ్లిజరిన్ లాంటివి నీటిని పట్టుకుంటాయి, జెల్లీ పైన మూత వేస్తుంది. మూత వేయడంలో జెల్లీకి సాటి లేదు, చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని 98 శాతం దాకా ఆపుతుందని చర్మ శాస్త్ర పుస్తకాల్లో ఉంటుంది, చాలా నూనెలు 20, 30 శాతం దగ్గరే ఆగిపోతాయి. చాలా పాత వస్తువు ఇది. 1859లో రాబర్ట్ చీస్‌బరో అనే రసాయన శాస్త్రవేత్త అమెరికాలోని టైటస్‌విల్ చమురు బావుల దగ్గరికి వెళ్తే, అక్కడి పనివాళ్లు యంత్రాలకి పేరుకునే మైనం లాంటి జిడ్డుని గాయాలకి, కాలిన చోట రాసుకోవడం చూశాడు. దాన్నే శుద్ధి చేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. వ్యాజిలిన్ అదే. నూటయాభై ఏళ్లు దాటినా దానికంటే సాదాగా, దానికంటే తక్కువ అలర్జీతో అంత పనిచేసేది నాకు కనపడలేదు.

పగలు ఒళ్లంతా జెల్లీ పూసుకుని తిరగడం మాత్రం నా వల్ల కాదు, బట్టలకి అంటుతుంది, ఉక్కపోస్తుంది. రాత్రికే. రాసుకుని చెప్పుల్లేకుండా స్నానాల గదిలోకి వెళ్లకండి, నున్నటి నేల మీద జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ జాగ్రత్త. నిప్పు గురించి కూడా చెప్పాలి. ఇలాంటి జిడ్డు క్రీములు రోజుల తరబడి ఇంకిన బట్టలు, దుప్పట్లు నిప్పంటుకుంటే మామూలు బట్టల కన్నా త్వరగా మండుతాయి, బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది, పారఫిన్ (పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు) లేని క్రీములకి కూడా వర్తిస్తుందని చెప్పింది. ఒకసారి ఉతికితే పూర్తిగా పోదు కూడా. ఆ బట్టలతో పొయ్యి దగ్గర, కొవ్వొత్తి దగ్గర, సిగరెట్ తాగేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఈ మాట ఏ ప్రకటనలోనూ వినలేదు నేను.

అమ్మ చేతుల సంగతి వేరు. వయసు పెరిగేకొద్దీ నూనె గ్రంథులు మందగిస్తాయి, చర్మం పల్చబడుతుంది, దానికి తోడు రోజుకి పదిసార్లు గిన్నెలు, బట్టలు, నీళ్లు, సబ్బు. వేళ్ల కణుపుల మీద రక్తం చిమ్మే పగుళ్లు. నా కాళ్లకి తగ్గింది కదా అని ఉత్సాహంగా నా క్రీమే ఆవిడకి రాశాను, ఆవిడ ఓర్చుకుని ఏమీ అనలేదు కానీ ఆ రోజంతా చేతులు మండాయట, మర్నాడు చెప్పింది. చాలా బాధపడ్డాను. చేతులకి సిరమైడ్లు, గ్లిజరిన్ ఉన్న వాసన లేని క్రీమ్ విడిగా తెచ్చాం, చెయ్యి కడిగిన ప్రతిసారీ కొంచెం, గిన్నెల దగ్గర లోపల నూలు తొడుగు వేసి పైన రబ్బరు తొడుగులు. పగుళ్లు మూడు వారాల్లో మూసుకున్నాయి. యూరియా అందరికీ, అన్నిచోట్లా కాదు, చిన్న పిల్లలకైతే డాక్టర్‌ని అడగకుండా రాయకండి, ముఖానికి కూడా నేను వాడను.

నీళ్లు బాగా తాగితే చర్మం బాగుపడుతుందా అని చాలామంది అడుగుతారు. ఒంట్లో నీటి లోటు ఉన్నవాళ్లకి మేలే. మామూలుగా తాగేవాళ్లు ఇంకో రెండు లీటర్లు తాగినంత మాత్రాన కాళ్ల మీద పొట్టు ఆగదు, నేను తాగి చూశాను, నా దగ్గర ఆగలేదు. అంతకంటే గదిలో గాలి ముఖ్యం. ఏసీ గాని హీటర్ గాని రాత్రంతా నడిస్తే గాలిలో తేమ పడిపోతుంది, 30 శాతం లోపుకి వస్తే ఏ క్రీమ్ అయినా పోరాడాల్సిందే. గాలి నేరుగా కాళ్ల మీద పడకుండా మంచం జరిపాను, అంతే చేశాను, అదీ పనికొచ్చింది.

క్రీముల వెంట తిరిగే ముందు ఒకసారి ఆలోచించాల్సినవి ఉన్నాయి. నాకు తెలిసిన ఒకాయన ఏడాది పాటు రకరకాల లోషన్లు మార్చాడు, ఒళ్లంతా పొడి, అలసట, చలి తట్టుకోలేకపోవడం. చివరికి రక్త పరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువగా ఉంది. ఆయన చర్మం మాత్రతో బాగుపడింది. షుగర్, మూత్రపిండాల జబ్బు కూడా చర్మాన్ని ఇలాగే ఎండగడతాయి, మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్, నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు కూడా. షుగర్ ఉన్నవాళ్లు మడమ పగిలిందని 40 శాతం యూరియా తెచ్చి సొంతంగా రాసుకోవద్దు, స్పర్శ తక్కువగా ఉన్న పాదంలో చిన్న పుండు పడినా తెలియదు, వేళ్ల సందుల్లో తడి క్రీమ్ నిలవకూడదు కూడా. ఎర్రబడి, వేడిగా ఉండి, చీము కారుతుంటే అది పొడి చర్మం దాటిపోయిన సంగతి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండు మూడు వారాలు పద్ధతిగా రాసినా దురద అలాగే ఉంటే కూడా అంతే.

లోపాల్లో మిగిలింది ఒకటే, మానేస్తే తిరిగొస్తుంది. మధ్యలో ప్రయాణంలో ఐదు రోజులు డబ్బా మర్చిపోయాను, తిరిగొచ్చేసరికి గోటి గీత మళ్లీ తెల్లగా పడింది, అప్పటికి దురద మాత్రం రాలేదు. ఇది మందులా కొన్నాళ్లు వాడి వదిలేసేది కాదు, పళ్లు తోముకోవడం లాంటిది. అది తెలిసి కొనుక్కోండి.

రెండో డబ్బా నడుస్తోంది. కాళ్లకి రోజుకి ఒకసారికి తగ్గించాను, గీత పడటం లేదు, దుప్పటి మీద మరకల్లేవు. వాతావరణంలో తేమ పెరిగాక 5 శాతానికి దిగి చూడాలని ఉంది. మడమల కోసం 25 శాతం ట్యూబ్ ఒకటి విడిగా తెచ్చాను, రాత్రిపూట మడమ అంచుకే పరిమితం చేసి నిన్నటి నుంచి రాస్తున్నాను, దాని గురించి నెల వాడాకే రాస్తాను.